సముద్రం ఊపిరి కొలిచిన కథ

సంపాదకవర్గంవారు ఈ ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించి ఏదైనా రాసివ్వమన్నారు. చెరువుల చరిత్ర, పాలెగాళ్ల చరిత్ర, పుంగనూరు జమీ చరిత్ర రాయడానికి మన సంఘంలో నాకన్నా తెలిసిన పెద్దలున్నారు. నేను ఉద్యోగమంతా జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. అందుచేత ఒక కొలత చరిత్ర రాస్తాను. నీటిలో కరిగివుండే ప్రాణవాయువును, అంటే ఆక్సిజన్‌ను, మన తూర్పు సముద్రంలో ఎవరెవరు ఎట్లా కొలిచారు, గాజుసీసాలతో మొదలైన ఆ పని మనిషి తోడు లేకుండా నీళ్లలో తిరిగే యంత్రాల దాకా ఎట్లా వచ్చింది అన్నది విషయం. సోమలవాళ్లకు సముద్రంతో ఏం పని అని మీరు అడగవచ్చు. దానికి జవాబు వ్యాసం మధ్యలో వస్తుంది.

నీళ్లలో ఊపిరి ఉంటుందని చెరువుగట్టున పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఎండాకాలంలో చెరువు అడుగంటి, ఉన్న నీళ్లు పచ్చగా పాచిపట్టి ఉంటాయి. పగలంతా మబ్బు కమ్మితే, మరునాడు తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిచి గుటకలు వేస్తాయి. పగటి ఎండలో పాచి ఆక్సిజన్‌ను వదులుతుంది. రాత్రి ఆ పాచి, చేపలు, అడుగు బురదలో కుళ్లే కసువు అన్నీ కలిసి ఆ నిల్వనే తింటాయి. మబ్బు రోజున జమ తక్కువ, ఖర్చు మామూలే. కోడికూసే వేళకు ఖజానా ఖాళీ. ఎంత చిన్న ఖజానా అంటే, మన ఎండలకు వేడెక్కిన లీటరు చెరువు నీటిలో పట్టే ఆక్సిజన్ ఏడు మిల్లీగ్రాములకు అటూఇటూ. ఉప్పునీటిలో ఇంకా తక్కువ, ఆరున్నర దాకా. అదే లీటరు గాలిలో 270 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. చేప బతుకు మన బతుకుకన్నా ఎంత బిగువులో నడుస్తుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇంత కొద్ది వాయువును కొలిచే దారి చూపినవాడు లాయోష్ వింక్లర్ అనే హంగేరీ రసాయన శాస్త్రజ్ఞుడు. బుడాపెస్టులో 1888లో, పాతికేళ్ల వయసులో, ఆయన కనిపెట్టిన పద్ధతి డిగ్రీ క్లాసుల్లో జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం చదివిన ప్రతివారూ చేసినదే. నీటిని గాలిబుడగ లేకుండా బిరడా సీసాలో నింపాలి. అందులో కొంచెం మాంగనీసు లవణం, కొంచెం క్షారంతో కలిపిన అయొడైడు వేసి మూత బిగించాలి. వెంటనే సీసాలో విరిగిన పాలలాగా ఒక పదార్థం ఏర్పడి అడుక్కు దిగుతుంది. నీటిలో ఆక్సిజన్ ఉంటే అది గోధుమరంగుకు తిరుగుతుంది. ఎంత ఎక్కువ ఉంటే అంత ముదురు. ఆక్సిజన్ లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. తరువాత ఆమ్లం పోస్తే ఆ ఆక్సిజన్‌కు సరిపడా అయొడిన్ విడుదలవుతుంది. దాన్ని బ్యూరెట్ నుంచి హైపో చుక్కచుక్కగా వదిలి లెక్కకడతాం. రంగు పలచబడ్డాక గంజి కలిపితే నీలమవుతుంది. ఆ నీలం ఏ చుక్కకు పోయిందో అదే జవాబు.

చెప్పడానికి నాలుగు వాక్యాలు. చేసేటప్పుడు తొందరపడిన పిల్లలకు ఎన్నడూ సరైన జవాబు రాదు. సీసాలో ఆవగింజంత బుడగ మిగిలినా అందులోని ఆక్సిజన్ లెక్కలోకి ఎక్కుతుంది. చెరువుగట్టునే మందులు వేయకుండా సీసా కాలేజీకి తెచ్చేలోగా అందులోని సూక్ష్మజీవులు సగం తిని కూర్చుంటాయి. నాకు ముప్పైఏళ్ల అనుభవంలో తెలిసిందేమంటే, ఈ పరీక్ష తెలివికన్నా నిదానాన్ని ఎక్కువ పరీక్షిస్తుంది. వెనక బెంచీ పిల్లలు కొందరు దీంట్లో మొదటివాళ్లుగా వచ్చేవారు.

ఇంకొక తలనొప్పి కొలమానాలది. మేము మిల్లీగ్రాముల్లో చెప్పేవాళ్లం. పాత సముద్ర శాస్త్రజ్ఞులు లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లు అని రాసేవారు. ఇప్పటివారు మైక్రోమోల్ అంటారు. ఒక మిల్లీలీటరు అంటే 1.43 మిల్లీగ్రాములు, అంటే 44.66 మైక్రోమోళ్లు. శేర్లు, పడులు పోయి కిలోలు వచ్చినప్పుడు మన తాతలు పడ్డ తికమకే ఇదీ. పాత రికార్డు తిరగేసేవారు ముందు ఏ కొలతలో ఉందో చూసుకోవాలి.

ఇక సముద్రానికి పోదాం. ఆధునిక సముద్ర శాస్త్రానికి నాంది అని చెప్పే చాలెంజర్ ఓడ యాత్ర 1872 నుంచి 1876 దాకా సాగింది. అప్పటికి వింక్లర్ పద్ధతి లేదు. ఆ ఓడమీది రసాయనికుడు బుకానన్ సముద్రపు నీటిని మరగకాచి, బయటికొచ్చిన వాయువులను గాజుగొట్టాల్లో మూసి ఉంచేవాడు. అయితే ఆ ఓడ కేప్ పట్టణం నుంచి దక్షిణ ధ్రువం వైపు దిగి ఆస్ట్రేలియాకు పోయింది. అరేబియా సముద్రం, బంగాళాఖాతం దాని దారిలో లేవు. మన సముద్రాల లోతు నీటిలో ప్రాణవాయువు సంగతి లోకానికి గట్టిగా తెలిసింది 1933-34లో జరిగిన జాన్ మర్రే యాత్రతోనే. మబాహిస్ అనే ఈజిప్టు ఓడ, దానికి నాయకుడు సేమూర్ సీవెల్. ఈయన మన దేశంలో జూలాజికల్ సర్వేకు డైరెక్టరుగా పనిచేసినవాడు. ఆ ఓడలో థాంప్సన్, గిల్సన్ అనే ఇద్దరు కూర్చుని వింక్లర్ పద్ధతిలో సీసా తరువాత సీసా పరీక్షించారు. అరేబియా సముద్రంలో పైపొర దాటి దిగితే, వందల మీటర్ల మందాన ఆక్సిజన్ దాదాపు లేని పొర ఉందని వాళ్ల అంకెలు తేల్చాయి. దానికి ఇంకా కిందికి పోతే, దక్షిణ ధ్రువ ప్రాంతాల నుంచి వచ్చే చల్లని నీటితో ఆక్సిజన్ మళ్లీ పెరుగుతుంది. పైన ఊపిరి, అడుగున ఊపిరి, నడుమ ఉక్కిరిబిక్కిరి.

బంగాళాఖాతం వంతు వాల్తేరుతో వచ్చింది. తెలుగువాళ్లు ఇంకా ఎక్కువగా చెప్పుకోవలసిన అధ్యాయం ఇది అని నా అభిప్రాయం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు అప్పుడు డాక్టర్ వి.ఎస్. కృష్ణగారు వైస్ ఛాన్సలర్. అమెరికా నౌకాదళ ప్రయోగశాల నుంచి యూజీన్ లఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు ఫుల్‌బ్రైట్ పథకం కింద 1952లో వచ్చాడు. విశ్వవిద్యాలయానికి సొంత ఓడ లేదు. నౌకాదళంవారు మైన్లు ఏరే ఓడ ఐ.ఎన్.ఎస్. రోహిల్‌ఖండ్‌ను పనికి ఇచ్చారు. యుద్ధం పనికి కట్టిన ఓడమీద భూగర్భశాస్త్రం నుంచి, జంతుశాస్త్రం నుంచి, వాతావరణశాస్త్రం నుంచి అధ్యాపకులు, విద్యార్థులు కలిసి ఎక్కారు. భూగర్భశాస్త్రంలో సి.వి. రామన్ శిష్యుడు సి. మహదేవన్‌గారు, జంతుశాస్త్రంలో పి.ఎన్. గణపతిగారు ఆ పనికి పెద్దదిక్కు. ఫలితాలను 1954లోనూ, 1958లోనూ సంపుటాలుగా అచ్చువేశారు. తరువాత తూర్పు తీరపు వాలులో సముద్రం కింద బయటపడిన లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. నీటి అడుగున మన పేర్లున్న చోట్లు ఉన్నాయని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

ఓడమీద ఈ పరీక్ష చేయడం కాలేజీ ప్రయోగశాలలో చేసినట్టు కాదు. తీగకు నాన్సెన్ సీసాలని లోహపు సీసాలు వరుసగా కట్టి దించుతారు. పైనుంచి ఒక చిన్న బరువును తీగవెంట జారవిడిస్తే, అది పోయి తగలగానే సీసా తలకిందులై మూతలు పడతాయి. అదే దెబ్బకు ఇంకొక బరువు జారి కింది సీసాను తిప్పుతుంది. పైకి లాగాక ఒక్కొక్క లోతు నీటినీ గాజుసీసాలోకి పట్టి, బుడగ చేరకుండా మందులు వేసి, ఊగే ఓడలో ఊగే బ్యూరెట్ గీత చదవాలి. రాత్రిపూట కూడా ఆగేది కాదు. అంకెలు వేసిన పట్టీలు మిగిలాయి. వాటిని వేసినవాళ్లలో చాలామంది పేర్లు ఏ వ్యాసంలోనూ ఉండవు.

లఫాండ్ బృందం చూపిన ముఖ్య విషయం ఒకటుంది. ఎండాకాలం ముందునుంచే నైరుతి గాలి మన కోస్తా వెంబడి వీస్తుంది. అది పైపొర నీటిని ఒడ్డునుంచి లోపలికి తోస్తుంది. ఖాళీ అయిన చోటుకి అడుగునుంచి చల్లని నీరు ఎగదన్నుకుని వస్తుంది. ఈ నీటిలో ఎరువుసారం ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ. ఎరువు కాబట్టి సముద్రపు పాచి బలుస్తుంది, దాన్ని తిని చేప బలుస్తుంది. ఆక్సిజన్ తక్కువ కాబట్టి మితిమీరితే అదే చేపకు ఇబ్బంది. ఈ ఎగదన్నుడు మీదే పరిశోధన వ్యాసాలు రాసిన వి.వి.ఆర్. వరదాచారిగారు తరువాతికాలంలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు డైరెక్టరయ్యారు. పడమటి తీరంలో కొచ్చిన్ దగ్గర ఇట్లాంటి నీరు పైకి వచ్చినప్పుడు అడుగు చేపలు ఆ చోటు విడిచిపోతాయని 1950ల చివర కార్ల్ బన్సె అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు వలలు వేసి చూపించాడు. విశాఖ రేవులోపలి పాయలో కాలుష్యం సంగతి 1973లో గణపతిగారు, ఎ.వి. రామన్‌గారు కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. అక్కడ తప్పు గాలిది కాదు, మనుషులది.

1959 నుంచి 1965 వరకు పదికిపైగా దేశాలు కలిసి హిందూ మహాసముద్రాన్ని జల్లెడపట్టాయి. మన నౌకాదళం ఐ.ఎన్.ఎస్. కిస్ట్నాను పంపింది. పేరు కృష్ణానదిదే, ఇంగ్లీషువాళ్ల నోట అట్లా తయారయింది. ఆ యాత్రల అంకెలన్నీ కలిపి క్లాస్ విర్ట్కి 1971లో పెద్ద పటాల పుస్తకం వేశాడు. ఆ యాత్రల ఫలంగానే 1966 జనవరి 1న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ పుట్టింది. ప్రధాన కార్యాలయం గోవాలో, ఒక ప్రాంతీయ కేంద్రం విశాఖపట్నంలో. గవేషణి, సాగరకన్య, సింధు సాధన అంటూ సొంత ఓడలు ఒక్కటొక్కటే వచ్చాయి.

ఇప్పుడు సోమల ప్రశ్నకు జవాబు చెబుతాను. బంగాళాఖాతం మామూలు సముద్రం కాదు, నదుల చెరువు. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ, పెన్న అన్నీ అందులోనే పడతాయి. మదనపల్లె మీదుగా పోయే బాహుదా, పింఛా కలిసి చెయ్యేరవుతాయి. చెయ్యేరు పెన్నలో కలుస్తుంది. పలమనేరు తట్టు కౌండిన్య పాలారులో చేరుతుంది. మన కొండల్లో ఏ వంక ఎటు పారినా చివరికి బంగాళాఖాతమే. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు ఊళ్లను ముంచి ప్రాణాలు తీసిన నీళ్లు కూడా అక్కడికే పోయాయి. ఈ మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక. కాబట్టి సముద్రంలో కలవకుండా పైన దుప్పటిలాగా పరుచుకుంటుంది. గాలి ఎంత వీచినా ఆ దుప్పటిని చీల్చి కింది నీటిని కలియబెట్టడం కష్టం. పై నీటికి గాలినుంచి అందే ఆక్సిజన్ కిందికి దిగదు. కింద మాత్రం పైనుంచి రాలే చచ్చిన పాచిని, రెట్టను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు ఉన్న ఆక్సిజన్‌ను తింటూనే ఉంటాయి. అందుచేత 100 మీటర్లకు దిగువ, ఎన్నో వందల మీటర్ల మందాన, వింక్లర్ సీసాలో అడుగున దిగే పదార్థం తెల్లగానో, తెలుపుకు ఆమడ దూరం కానట్టుగానో ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కు. ఆక్సిజన్ పూర్తిగా అయిపోతే సూక్ష్మజీవులు చావవు. కొన్ని జాతులు నైట్రేటును పట్టుకుని ఊపిరి తీసుకుంటాయి. నైట్రేటు అంటే మనం పొలానికి వేసే యూరియా నేలలో మారేటువంటి ఎరువే. దాన్ని అవి నత్రజని వాయువుగా మార్చి గాలికి వదిలేస్తాయి. దారిలో నైట్రస్ ఆక్సైడు కూడా వస్తుంది. ఇది భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువుకన్నా ఎన్నోరెట్లు ఘనమైనది. అరేబియా సముద్రం నడుమ పొరలో ఇది పెద్దఎత్తున జరుగుతున్నది. మన పడమటి తీరం దగ్గర ఆక్సిజన్ కరువైన నీరు సుమారు 1,80,000 చదరపు కిలోమీటర్ల మేర, అంటే నేటి ఆంధ్రప్రదేశ్‌కన్నా ఎక్కువ విస్తీర్ణంలో వర్షాకాలం చివర పరుచుకుంటుందని, నైట్రస్ ఆక్సైడు మెండుగా పుడుతున్నదని నఖ్వీ బృందం 2000లో నేచర్ పత్రికలో ప్రకటించింది. బంగాళాఖాతం మాత్రం అంచుదాకా వచ్చి ఆగింది. అంచుమీద ఎందుకు ఆగింది, ఎంతకాలం ఆగుతుంది? కోస్తా జాలరి కుటుంబాల తిండి ఈ ప్రశ్నతో ముడిపడి ఉంది. ఎరువు పోతే పాచి లేదు, పాచి లేకపోతే చేప లేదు.

దీనికి జవాబు చెప్పడానికి వింక్లర్ పద్ధతి చాలదు. లీటరుకు ఒక మైక్రోమోల్‌కు తక్కువైతే అది నమ్మకంగా చెప్పలేదు. పైగా వేసే మందుల్లోనే కొంచెం ఆక్సిజన్ కరిగివుంటుంది, సీసా నింపేటప్పుడు గాలి తగులుతుంది. అందువల్ల పాత పట్టీలో 0.1 అని ఉంటే, అది సముద్రంలోదా, ఓడమీదిదా అని అనుమానించాలి. ఆ కొద్ది తేడామీదే కథంతా నడుస్తున్నది మరి. అతి సూక్ష్మమైన ఆక్సిజన్‌ను పసిగట్టే కొత్త సాధనంతో కొలిచిన ఫలితాలు 2017లో నేచర్ జియోసైన్స్ పత్రికలో వచ్చాయి. బంగాళాఖాతపు నడుమ పొరలో 10 నుంచి 200 నానోమోళ్ల ఆక్సిజన్ విడవకుండా ఉంటున్నదని తేలింది. పైనీటిలో ఉండేదానిలో వెయ్యోవంతు మొదలు ఇరవైవేలవంతు దాకా అన్నమాట. ఆ పిసరంతే నైట్రేటును చాలామటుకు కాపాడుతున్నది.

ఆ పిసరు ఎక్కడినుంచి వస్తున్నది? ఓడ ఒకచోట ఆగి సీసాలు దించి, మళ్లీ ఇంకొకచోటుకి పోతే, నడుమ సన్నని పాయలో ఏదైనా పారుతుంటే కనబడదు. అమావాస్యకొకసారి గట్టెక్కి చూసి చెరువు లెక్క రాసినట్టే. నిత్యం చూసేవాడు కావాలి.

ఆ చూసేవాడిని ఊహించినవాడు హెన్రీ స్టొమ్మెల్ అనే అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు. 1989లో ఆయన ఓషనోగ్రఫీ పత్రికలో ఒక చిత్రమైన వ్యాసం రాశాడు. 2021వ సంవత్సరంలో కూర్చుని వెనక్కి చూస్తున్నట్టుగా రాసిన కల్పన అది. అందులో చిన్నచిన్న యంత్రాలు వందలకొద్దీ ప్రపంచ సముద్రాల్లో తమంతట తాము మునుగుతూ తేలుతూ కొలతలు పంపుతుంటాయి. ఒంటరిగా తెరచాప పడవలో 1895 నుంచి 1898 వరకు భూమి చుట్టివచ్చిన జాషువా స్లోకమ్ పేరు వాటికి పెట్టాడు. యంత్రం ఆలోచన డగ్లస్ వెబ్ అనే ఇంజనీరుది. 1991లో ఫ్లారిడాలో ఒక నీటి ఊటలోనూ, న్యూయార్కు రాష్ట్రంలో ఒక సరస్సులోనూ మొదటి పరీక్షలు జరిగాయి. స్టొమ్మెల్ 1992 జనవరిలో పోయాడు. ఆయన కలగన్న 2021 నాటికి గ్లైడర్లు ఎన్నో దేశాలకు మామూలు పనిముట్లయ్యాయి. శాస్త్రజ్ఞుల జోస్యాల్లో ఇంత సరిగ్గా ఫలించినవి తక్కువ.

గ్లైడర్ పనిచేసే తీరు బావిలో ఈత నేర్చినవారికి చప్పున అర్థమవుతుంది. గుండెనిండా గాలి పీల్చి నీళ్లమీద వెల్లకిలా పడుకుంటే తేలతాం. గాలి వదిలేస్తే మునుగుతాం. బరువు మారలేదు, ఒళ్లు ఆక్రమించే చోటు మారింది. గ్లైడర్ కడుపులో నూనె ఉంటుంది. ఆ నూనెను బయటి రబ్బరు తిత్తిలోకి పంపుచేస్తే తిత్తి ఉబ్బి యంత్రం తేలుతుంది. లోపలికి లాగేస్తే మునుగుతుంది. మునిగేటప్పుడూ తేలేటప్పుడూ రెక్కలు నీటిని పట్టి ముందుకు తోస్తాయి. గద్ద రెక్క ఆడించకుండా ఎట్లా జారుతుందో అట్లాగే. వెనక చక్రం తిరగదు కనుక బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. మనిషంత పొడవు, 50 కిలోలకు పైన బరువు. కొన్ని రకాలు వెయ్యి మీటర్ల దాకా దిగుతాయి. నడక మాత్రం గంటకు ఒక కిలోమీటరు, మన రిటైరయిన వాళ్ల ఉదయపు నడకకన్నా నిదానం. పైకి వచ్చినప్పుడల్లా తోకలోని ఏంటెన్నాను గాలిలోకి ఎత్తి ఉపగ్రహం ద్వారా కబురు పంపి, కొత్త ఆజ్ఞలు తీసుకుని మళ్లీ మునుగుతుంది. 2009లో ఒక స్లోకమ్ గ్లైడర్ న్యూజెర్సీ నుంచి స్పెయిన్‌కు 221 రోజుల్లో అట్లాంటిక్‌ను దాటింది. అంతకుముందు ఏడు పంపినది నడిసముద్రంలో మాయమయింది.

ఆక్సిజన్ కొలవడానికి దానికి సీసా అక్కరలేదు, ఒక రంగుపూత చాలు. ఆ పూతమీద నీలికాంతి పడితే ఎర్రగా వెలుగుతుంది. ఆక్సిజన్ తగిలితే ఆ వెలుగు తగ్గి తొందరగా ఆరిపోతుంది. ఎంత తొందరగా ఆరిందో చూసి ఎంత ఆక్సిజన్ ఉందో చెబుతారు. 1950లలో లెలాండ్ క్లార్క్ రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి చేసిన విద్యుత్ సాధనపు వంశం కూడా సముద్రంలో వాడుకలో ఉంది. మన ఆస్పత్రుల్లోని పరికరాలకూ, సముద్రంలోని పరికరాలకూ ఇట్లా చుట్టరికం.

బంగాళాఖాతంలో ఈ గ్లైడర్లు చేసిన పనిలో నాకు ముఖ్యంగా తోచింది 2016 నాటిది. ఆ ఏడు జూన్, జులై నెలల్లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన పి.ఎన్. వినయచంద్రన్‌గారు, ఇంగ్లండులో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయానికి చెందిన ఏడ్రియన్ మాథ్యూస్ తదితరులు కలిసి, సింధు సాధన ఓడతోపాటు శ్రీలంకకు తూర్పున 8 డిగ్రీల ఉత్తర అక్షాంశం వెంబడి గ్లైడర్లను దించారు. వాళ్లు బయలుదేరింది రుతుపవనాల సంగతి తెలుసుకోవడానికి. నిండు నైరుతిలో, చిన్న పడవలు ఒడ్డు దిగని రోజుల్లో, గ్లైడర్లు పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాయి. వాటి అంకెల్లో కొన్ని వందల మీటర్ల లోతున, చుట్టూ ఉన్నదానికన్నా ఉప్పు ఎక్కువ, ఆక్సిజన్ కూడా కొంచెం ఎక్కువ ఉన్న నీటిపాయ కనబడింది. ఆ ఉప్పు ఆనవాలు పర్షియా సింధుశాఖది. పీటర్ షీహాన్ తదితరులు ఈ సంగతి 2020లో ప్రకటించారు. ఎండకు ఆవిరై ముదిరిన అక్కడి నీరు బరువెక్కి అరేబియా సముద్రంలోకి జారుతుంది. కంప్యూటర్ లెక్కల ప్రకారం ఒక దారిలో కనీసం రెండేళ్లు, ఇంకొక దారిలో కనీసం మూడేళ్లు ప్రయాణించి, శ్రీలంక చుట్టి బంగాళాఖాతంలోకి వస్తుంది. నైరుతి రుతుపవన కాలంలో ఈ రాక ఎక్కువ. బంగాళాఖాతాన్ని అంచుమీద నిలబెడుతున్న ఆ పిసరు ఆక్సిజన్‌కు ఇది ఒక ఆధారమని వాళ్ల ప్రతిపాదన. మన పిల్లలు గల్ఫుకు పోయి సంపాదించి ఇంటికి పంపినట్టు, గల్ఫు నీరు కూడా ఇక్కడికి ఇంత పంపుతున్నదన్నమాట. చమత్కారానికి అన్నాను గాని, ఆ జమ ఆగితే ఇంటి పరిస్థితి ఏమిటన్నది రెండుచోట్లా ఒకే ప్రశ్న.

ఇంకొక వాదం కూడా ఉంది, అది మన మట్టికి సంబంధించినది. నదులు తెచ్చే ఒండ్రు సముద్రంలో రాలే చచ్చిన పాచికి అంటుకుని దాన్ని బరువెక్కిస్తుంది. అది నడుమ పొరలో నిలిచి కుళ్లకుండా దబ్బున అడుక్కు పోతుంది. అందువల్ల నడుమ పొరలో ఆక్సిజన్ ఖర్చు తగ్గుతుంది. ఇత్తెక్కోట్ వేణుగోపాలన్ 1990ల మొదట్లో ఈ మాట ముందుకు తెచ్చారు. ఇది నిజమైతే, గోదావరి, కృష్ణల మీద ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోవడం కేవలం కోస్తా రైతు సమస్య కాదు. ఆనకట్టలు వద్దనడం లేదు. కరువు సీమలో పుట్టి ఆ మాట అనడానికి నోరు రాదు. ఖాతాలో ఆ పద్దు కూడా రాసుకోవాలని మాత్రం అంటాను.

ప్రపంచ సముద్రాలన్నీ కలిపి 1960 నుంచి తమ ఆక్సిజన్‌లో రెండు శాతానికిపైగా పోగొట్టుకున్నాయని 2017లో జర్మన్ శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. ఆ లెక్కకు మొదటి పద్దు ఎక్కడిది? రోహిల్‌ఖండ్ కాలంలోనూ, కిస్ట్నా కాలంలోనూ, ఇంకా ఎన్నో దేశాల ఓడలమీదా బ్యూరెట్ పట్టినవాళ్లు రాసిన పట్టీలే. ఇప్పుడు హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ వంటి సంస్థలకు ఆర్గో తేలుయంత్రాల నుంచి అంకెలు గంటగంటకూ వచ్చిపడుతున్నాయి. ముందటి పద్దు లేకపోతే తరుగు ఎంతో తెలియదు.

పోనీ ఇకనైనా బ్యూరెట్‌కు పదవీ విరమణ ఇచ్చారా అంటే, ఇవ్వలేదు. రంగుపూత సాధనం అలమరలో ఊరికే ఉన్నా కాలం గడిచేకొద్దీ తప్పు చూపడం మొదలుపెడుతుంది. నీటిలో లోతు మారినప్పుడు వెంటనే తేరుకోదు, కొన్ని క్షణాలు వెనకబడుతుంది. కాబట్టి గ్లైడర్‌ను దించేచోటా, తిరిగి ఎత్తేచోటా వీలైతే ఓడనుంచి సీసాలు దించి, వింక్లర్ పద్ధతిలో కొలిచి, ఆ జవాబుతో యంత్రపు అంకెలను సరిదిద్దుతారు. ఓడల్లో ఇప్పుడు నాన్సెన్ సీసాలు లేవు. చుట్టూ వరుసగా పెద్ద సీసాలున్న చట్రం వైరుమీద దిగి పైకొస్తుంది. అది డెక్కుమీదికి రాగానే ఉప్పు కొలిచేవారు, ఎరువు కొలిచేవారు, పాచి కొలిచేవారు అందరూ తమ తమ సీసాలతో చుట్టూ నిలబడతారు. కానీ నీరు గాలి తగిలి మారకముందే పట్టాలి కనుక, మొదటి వంతు వాయువులవాళ్లది. ఆక్సిజన్ మనిషి రబ్బరు గొట్టాన్ని సీసా అడుగుదాకా దింపి, నీళ్లు పొర్లిపోనిచ్చి, బుడగ లేదని వెలుతురుకు ఎత్తి చూసుకుని, మందులు వేసి బిరడా బిగించేదాకా మిగతావాళ్లు ఆగుతారు.